ట్రేడ్ అంటే బాట

పోయిన సంవత్సరం ఏడో తరగతి పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెబుతుంటే 'ట్రేడ్' అనే మాట వచ్చింది. బోర్డు మీద రాసి, పక్కనే 'వ్యాపారం' అని అర్థం రాశాను. మా బడి ఎల్లారెడ్డి వైపు ఉంటుంది. పిల్లల్లో ఎక్కువమంది చుట్టుపక్కల తాండాల నుంచి నడిచి వచ్చేవాళ్లే. నేనూ తాండాలో పుట్టినవాణ్నే కాబట్టి, ఇంట్లో మాట్లాడే గోర్‌బోలి, ఊళ్లో మాట్లాడే తెలుగు, బడిలో నేర్చుకునే ఇంగ్లీషు వాళ్ల నోట్లో ఎట్లా కలిసిపోతాయో నాకు తెలుసు.

అర్థం రాసి చాక్‌పీసు కింద పెట్టానో లేదో వెనక బెంచీ పిల్లవాడు లేచాడు. "సార్, మా అన్న ఐటీఐల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేస్తుండు. మరి ఆయన ఏం అమ్ముతుండు?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నవ్వు ఆగకముందే ఒక అమ్మాయి, "మా బాపు దుబాయి పోయేముందు ట్రేడ్ టెస్టు పెట్టిన్రు సార్. ఆయన తాపీ పని చేస్తడు, వ్యాపారం చెయ్యడు" అంది. నేను రాసిన అర్థం అప్పుడే సగం చెరిగిపోయింది. మూడో పిల్లవాడు మాత్రం ప్రశ్న అడగలేదు, తీర్పు చెప్పాడు. "ట్రేడ్ మనోళ్లది కాదు సార్. అది సేట్లది. మనోళ్లకు వ్యాపారం రాదు."

మొదటి రెండు ప్రశ్నలకు నిఘంటువు చూస్తే జవాబు దొరుకుతుంది. మూడో మాటకు నిఘంటువు చాలదు, చరిత్ర కావాలి. ఆ రోజు గంట కొట్టారని పాఠం ఆపేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే చిన్నప్పుడు నేనూ అదే అనుకున్నాను. మా బాపుతో కలిసి మక్కలు అమ్మడానికి మార్కెట్టుకు పోయినప్పుడు, అడ్తిదారు కాంటా మీద బస్తా పెట్టి, తరుగు కింద కొంత తీసేసి, ఒక కాగితం మీద లెక్క రాసి చేతిలో పెట్టేవాడు. మా బాపు ఆ కాగితాన్ని తిప్పి కూడా చూడకుండా మడిచి జేబులో పెట్టుకునేవాడు. "ఎంత తీసిండో అడగవా బాపూ?" అంటే, "అది వాళ్ల పని బిడ్డా, మనకు తెల్వదు" అనేవాడు. అదే మాట నలభై ఏళ్ల తరువాత ఒక పిల్లవాడి నోట విన్నాను.

ఈ వ్యాసం ఆ పిల్లవాడికి నేను ఇవ్వవలసిన జవాబు.

మాట పుట్టిన చోటు

'ట్రేడ్' అనే మాట ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి కొనుగోలు, అమ్మకం అనే అర్థం లేదు. పద్నాలుగో శతాబ్దంలో ఉత్తర ఐరోపా రేవు పట్టణాల వర్తకులు మాట్లాడే జర్మన్ భాషల నుంచి అది ఇంగ్లీషులో చేరింది. అక్కడ దాని అర్థం దారి, జాడ, కాలిబాట. ఇంగ్లీషులో 'ట్రెడ్' అనే క్రియ ఉంది కదా, తొక్కడం, అడుగు వేయడం అని. ట్రేడ్ దానికి చుట్టమే. నడిచి నడిచి నలిగిన బాట ట్రేడ్.

ఆ తరువాత అర్థం మెల్లగా జరిగింది. రోజూ నడిచే దారి కాస్తా రోజూ చేసే పని అయింది. ఒక మనిషి బతుకంతా ఏ పనిలో నడుస్తాడో అది అతని ట్రేడ్. పదహారో శతాబ్దంలో ఈ అర్థం స్థిరపడింది. అదే కాలంలో, సరుకుతో దారి నడిచేవాళ్ల పనికి, అంటే కొని అమ్మడానికి, ఈ మాటే పేరైంది. ఇప్పుడు ముందుగా గుర్తొచ్చే అర్థం అన్నిటికన్నా ఆఖరున వచ్చింది.

భూగోళం పాఠంలో 'ట్రేడ్ విండ్స్' అని చెబుతాం. వ్యాపారపు ఓడలను నడిపిన గాలులు కాబట్టి ఆ పేరు వచ్చిందని చాలామంది టీచర్లు చెబుతారు, నేనూ చెప్పాను. అసలు సంగతి వేరు. ఒకే జాడలో, దారి తప్పకుండా వీచే గాలి కాబట్టి అది ట్రేడ్ విండ్. పాత అర్థం ఆ పేరులో ఇంకా బతికి ఉంది.

ఇప్పుడు వెనక బెంచీ పిల్లవాడి అన్న దగ్గరికి వద్దాం. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్, ఎలక్ట్రీషియన్ ట్రేడ్, వెల్డర్ ట్రేడ్ అంటే రెండో అర్థం, చేతిపని. దుబాయికి పోయే తాపీమేస్త్రీకి పెట్టే ట్రేడ్ టెస్టు కూడా అదే, పని వచ్చా రాదా అని చూసే పరీక్ష. సైన్యంలో ట్రేడ్స్‌మన్ పోస్టులంటే వంటవాళ్లు, మంగలివాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు. ట్రేడ్ యూనియన్ అంటే వ్యాపారుల సంఘం కాదు. ఒక పని చేసేవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం. మన దేశంలో ఆ సంఘాల చట్టం 1926లో వచ్చింది. కామారెడ్డిలో బీడీలు చుట్టే తల్లులు యూనియన్‌లో చేరితే అది ట్రేడ్ యూనియనే. మున్సిపాలిటీ దుకాణానికి ఇచ్చే ట్రేడ్ లైసెన్సులో మాత్రం మూడో అర్థం, కొని అమ్మే పని. సెల్‌ఫోన్లో షేర్లు కొని అమ్మి 'ట్రేడింగ్ చేస్తున్నం' అనే కుర్రాళ్ల మాటలోనూ అదే. వాళ్లకు సరుకూ లేదు, బాటా లేదు. కుర్చీలోంచి లేవనక్కర లేని ఈ పనికి నడకలో పుట్టిన మాటే పేరు.

మన తెలుగులోనూ ఇటువంటి నడకే కనిపిస్తుంది. 'వ్యాపారం' అనే సంస్కృతం మాటకు మొదటి అర్థం పని, చేత. పండితుల భాషలో ఇప్పటికీ మనోవ్యాపారం అంటే మనసు చేసే పని, మనసుతో చేసే బేరం కాదు. 'వర్తకం', 'వృత్తి' రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ఆ ధాతువుకు తిరగడం, నడవడం, సాగడం అని అర్థాలు. అంటే ఎక్కడో ఐరోపాలోనూ, మన దగ్గరా మనుషులు ఒకే రీతిగా ఆలోచించారు. నడక, పని, అమ్మకం ఈ మూడింటినీ ఒక్క కుటుంబంలో పెట్టారు.

తాండా కదిలేది

ఇప్పుడు మన మాట. తాండా. ఈ రోజు ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. లంబాడాలు ఉండే చిన్న ఊరు. గాంధారి, లింగంపేట, నాగిరెడ్డిపేట, మాచారెడ్డి వైపు ఏ బస్సెక్కినా దారి పొడుగునా తాండాల పేర్లతో బోర్డులు కనిపిస్తాయి. 2018లో కొత్త పంచాయతీ చట్టం వచ్చాక అయిదువందల జనాభా దాటిన తాండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. తాండా అంటే ఇప్పుడు కదలని చోటు, సర్పంచి ఉన్న చోటు, రికార్డులో ఉన్న చోటు.

మూడు వందల ఏళ్ల కింద తాండా అంటే చోటు కాదు. అది కదిలే మంద. సరుకు మోసే ఎద్దులు, వాటిని నడిపే కుటుంబాలు, ముందు నడిచే నాయక్, అంతా కలిసి తాండా. నాయక్ అంటే ఆ మందను నడిపించేవాడు. ఆ వ్యాపారానికి మన భాషలో 'లదేణి' అని పేరు. లాదడం అంటే బరువు ఎత్తి పెట్టడం. (ఇంగ్లీషులో బరువెత్తిన బండిని 'లేడెన్' అంటారు. వినడానికి ఒకేలా ఉన్నాయని రెండూ చుట్టాలని పిల్లలకు చెప్పకండి. మాటలు వినడానికి ఒకటిగా ఉన్నంత మాత్రాన చుట్టాలు కావు.)

పదిహేడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఒక తాండాను దారిలో చూసి రాసుకున్నాడు. 'తాండా' అనే మాటనే వాడాడు. ఒక్క తాండాలో 14,000 ఎద్దులు, అన్నిటి మీదా గోధుమలు, బియ్యం వంటి ధాన్యం. ఆరేడువందల మంది మనుషులు, భార్యాపిల్లలతో సహా. ఆయన రాసిన వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఒకటుంది. ఎద్దులు వాళ్ల సొంతం. అప్పుడప్పుడు వర్తకులు వాళ్లను కిరాయికి పెట్టుకుంటారు గానీ, ఎక్కువగా వాళ్లే వర్తకులు. చవకగా దొరికే చోట ధాన్యం కొని, ప్రియంగా ఉన్న చోటికి తోలుకుపోయి అమ్మి, అక్కడ లాభం వచ్చే సరుకు మళ్లీ ఎత్తుకుని తిరిగి వస్తారు.

'మనోళ్లకు వ్యాపారం రాదు' అన్న పిల్లవాడికి చదివి వినిపించవలసిన సాక్ష్యం ఇది. లదేణి ఉత్త మోత పని కాదు. ఏ ఊళ్లో పంట పండింది, ఏ ఊళ్లో కరువు, ఏ సంతలో ఏ ధర, ఏ వాగు ఏ నెలలో దాటవచ్చు, ఎక్కడ గడ్డి ఉంటుంది అన్న లెక్కలన్నీ నాయక్ తలలో ఉండాలి. తప్పు లెక్క వేస్తే వేల ఎద్దులు, వందల మనుషులు పస్తుండాలి.

అదే శతాబ్దంలో గోల్కొండ దాకా తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టవెర్నియర్ కూడా ఎద్దుల బిడారుల గురించి రాశాడు. నాలుగు తెగల వాళ్లు ఈ పని చేస్తారని, ఒక్కో తెగ ఒక్కో సరుకే మోస్తుందని, వాటిలో ఉప్పు ఒకటని చెప్పాడు. మొగలు బాదుషా జహంగీర్ తన జ్ఞాపకాల్లో బంజారాల ఎద్దులు ధాన్యం తెచ్చి పట్టణాల్లో అమ్మడాన్ని ప్రస్తావించాడు. 1630 ప్రాంతంలో షాజహాన్ వజీరు ఆసఫ్‌ఖాన్ దక్కన్ మీదికి దండెత్తినప్పుడు భంగీ, జంగీ అనే నాయక్‌లు సైన్యానికి ధాన్యం మోసుకుని వెంట వచ్చారని మన పెద్దలు చెబుతారు. ఎద్దులకు గడ్డి, మనుషులకు నీళ్లు ఎక్కడైనా తీసుకోవచ్చని వాళ్లకు రాగిరేకు మీద రాసిచ్చారన్న కథ కూడా ఉంది. కథలో ఎంత నిజముందో పక్కన పెడితే, మన పెద్దలు దాచుకున్న హక్కు ఏదో చూడండి. భూమి కాదు, బంగారం కాదు. గడ్డి, నీళ్లు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. 1803లో మరాఠాలతో యుద్ధం చేసిన ఆర్థర్ వెల్లెస్లీ సైన్యం కూడా తిండికి బంజారాల ఎద్దుల మీదే ఆధారపడింది.

పేర్లలోనూ ఈ చరిత్రే ఉంది. బంజారా అనే మాట 'వాణిజ్యం' నుంచి వచ్చిందని, లంబాడా, లమాణీ అనేవి 'లవణం' నుంచి, అంటే ఉప్పు నుంచి వచ్చాయని పండితులు చెబుతారు. ఈ పని మనవాళ్లొక్కరిదే కాదు. తెలుగు వాళ్లలో పెరికె ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన పెరికవాళ్లు ఉన్నారు. పెరికె అంటే ఎద్దు మీద వేసే సంచే. ఇంగ్లీషువాళ్లు 'గనీ బ్యాగ్' అనేదీ మన గోనె సంచినే. మాట మన దేశం నుంచే ఆ భాషలోకి పోయింది.

ఉప్పు దారి లెక్క

కోస్తాలో ఉప్పు పండుతుంది, మనవైపు పండదు. మనవైపు జొన్నలు, పత్తి పండుతాయి. లదేణికి మూలం ఈ తేడానే. లోపలి నుంచి పత్తి, ధాన్యం కోస్తాకు దిగేవి, అక్కడి నుంచి ఉప్పు పైకి ఎక్కేది. ఆ పత్తితోనే కోస్తా నేతగాళ్లు విదేశాలకు పోయే బట్టలు నేశారు.

పిల్లలతో ఒక లెక్క చేయించాను. తాండా రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవదని మండీ రాశాడు. అంటే సుమారు 10 కిలోమీటర్లు. ఇప్పటి రోడ్డు లెక్కన మచిలీపట్నం నుంచి హైదరాబాదు మీదుగా కామారెడ్డికి దగ్గర దగ్గర 450 కిలోమీటర్లు. అంటే 45 రోజుల నడక, వాగులు పొంగకపోతే. తిరిగి పోవడానికి మరో 45. "మూడు నెలలు సార్!" అన్నారు పిల్లలు. సరే, మూడు నెలలు వేల ఎద్దులు ఏం తిన్నాయి? గడ్డి. ఆ గడ్డికి ఎంత కట్టారు? ఏమీ కట్టలేదు. సాయంత్రం బరువు దించి ఎద్దులను మేతకు వదిలేస్తారని, కావలసినంత భూమి ఉందని, వద్దనేవాళ్లు లేరని ఆ ఇంగ్లీషువాడే రాశాడు.

మొత్తం వ్యాపారం నిలబడింది ఈ ఒక్క ఏర్పాటు మీద. బండికి దారి కావాలి, ఎద్దుకు దారి వేయనక్కర లేదు. లారీకి డీజిల్ కొనాలి, ఎద్దు దారిలోనే మేస్తుంది. గడ్డి ఊరికే దొరికినన్నాళ్లూ లంబాడా మోసిన ఉప్పు చవక. అందుకే మన పెద్దలు రాగిరేకు కథలో గడ్డినీ నీళ్లనూ దాచుకున్నారు. అది వాళ్ల పెట్టుబడి.

మా దాదీ బతికి ఉన్నప్పుడు ఒక మాట చెప్పేది. వాళ్ల దాదీ కాలంలో ఊళ్లోకి ఎద్దులు వస్తుంటే ముందు నడిచే ఎద్దు మెడగంటలు దూరం నుంచే వినపడేవట. ఆ ఎద్దుకు గవ్వలు, అద్దాలు కుట్టిన గుడ్డ కప్పేవాళ్లు. గంటలు వినగానే ఊరి ఆడవాళ్లు చేటల్లో జొన్నలు పోసుకుని వచ్చి నిలబడేవాళ్లు. ఉప్పుకు జొన్నలు, కొలతకు కొలత. డబ్బు కనిపించేది తక్కువ. ఉప్పు లేని ఇల్లు ఉండదు కాబట్టి, మనవాళ్లు రాని ఊరు ఉండేది కాదని దాదీ అనేది.

ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేటప్పుడు ఈ కథే పనికొచ్చింది. 'ట్రేడ్' తరువాత వచ్చే చిన్న మాటలు పిల్లలను తికమక పెడతాయి. ఉప్పు అనే సరుకులో వ్యాపారం చేస్తే 'ట్రేడ్ ఇన్'. ఊరివాళ్లతో చేస్తే 'ట్రేడ్ విత్'. ఉప్పు ఇచ్చి జొన్నలు తీసుకుంటే ఉప్పు తరువాత 'ఫర్'. సరుకు, మనిషి, మార్పిడి. దాదీ కథలో మూడూ ఉన్నాయి. ఆ తరువాత పిల్లలు పరీక్షలో ఈ మూడింటినీ తప్పు రాయలేదు.

బాట మూతపడింది

లదేణిని రైలు చంపిందని అందరూ అంటారు. అందులో నిజముంది. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ల నాటికి సికింద్రాబాదు నుంచి మన్మాడ్ దాకా మీటర్ గేజి లైను కామారెడ్డి, ఇందూరు మీదుగా నడుస్తున్నది. 45 రోజుల దారి రైలుకు ఎంతసేపు? ఉప్పు బస్తాలు స్టేషన్‌లో దిగాయి. స్టేషన్ పక్కన గోదాములు, గోదాముల పక్కన దుకాణాలు లేచాయి. బాట మీద ఉన్న వ్యాపారం స్టేషన్ దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు బెల్లం మార్కెట్టుకు పేరుపడ్డ కామారెడ్డి పట్నం పెరిగింది ఆ స్టేషన్ చుట్టూనే.

అయితే రైలు ఒక్కటే అయితే మనవాళ్లు బతికేవాళ్లని నా ఆలోచన. రైలు ఎల్లారెడ్డికి రాలేదు, గాంధారికి రాలేదు. స్టేషన్ నుంచి ఊళ్లకు సరుకు చేర్చే పొట్టి దారులు మిగిలే ఉన్నాయి. ఆ దారులకు కూడా గడ్డి కావాలి. అప్పుడే గడ్డి చేయి జారిపోయింది. బ్రిటిషు ఇండియాలో 1878 అడవుల చట్టం అడవికి హద్దులు గీసింది. నైజాంలోనూ అడవిశాఖ వచ్చింది, హద్దులు వచ్చాయి, పశువుల మేతకు పన్ను వచ్చింది. బీడు భూములు సాగులోకి వచ్చాయి. వద్దనేవాడు లేని గడ్డికి ఇప్పుడు కావలివాడు వచ్చాడు. ఉప్పు కూడా అంతే. మద్రాసు రాజ్యంలో 1805లోనే కుంపిణీ ఉప్పును తన గుత్తం చేసుకుంది. ఎక్కడ కొనాలో, ఎంతకు కొనాలో సర్కారు చెప్పింది.

సరుకు పోయింది, గడ్డి పోయింది. చివరకు నడకే నేరమైంది. 1871లో బ్రిటిషువాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. ఒక చోట ఉండకుండా తిరిగేవాళ్లందరి మీదా అనుమానం పడింది. నైజాం సర్కారు కూడా లంబాడాల మీద పోలీసు నిఘా పెట్టింది. నిన్నటిదాకా సైన్యాలకు అన్నం మోసినవాళ్లు ఇవాళ దొంగల పట్టీలో చేరారు. చరిత్రకారుడు భంగ్యా భూక్యా నైజాం పాలనలో లంబాడాల గురించి 2010లో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. ఆయనా మన సమాజం నుంచి వచ్చినవారే. వ్యాపారం నుంచి సేద్యానికి, కూలికి, దొంగలన్న ముద్రకు మనవాళ్లు ఎట్లా చేరారో వివరంగా తెలుసుకోవాలంటే టీచర్లు అది చదవాలి. ఆ చట్టం 1952లో రద్దయింది. తెలంగాణ లంబాడాలకు షెడ్యూల్డు తెగగా గుర్తింపు 1976 సవరణ చట్టంతో వచ్చింది.

లదేణి పోయాక మనవాళ్లు ఎద్దులను పెంచి రైతులకు అమ్మారు, పాలేర్లుగా కుదిరారు, అడవి అంచున పోడు కొట్టి జొన్న వేశారు. 1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. కింద చెరుకు, వరి పెరిగాయి. కూలి చేసేవాళ్లకు గిరాకీ పెరిగింది. బరువులు మోయడం మాత్రం మనల్ని వదల్లేదు. ఇదివరకు సరుకు మనది, లాభం మనది. ఇప్పుడు సరుకు ఇంకొకరిది, మోత మనది.

రెండు మాటల ప్రయాణం

ఇక్కడ ట్రేడ్, తాండా అనే రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. ట్రేడ్ బాటగా మొదలై, నడక వదిలి, దుకాణంలో కూర్చుంది. తాండా బాట మీద నడిచే వ్యాపారంగా మొదలై, వ్యాపారం వదిలి, గుట్ట పక్కన కూర్చుంది. రెండూ నడక నుంచే బయలుదేరాయి. ఒకటి లాభం పట్టుకుని పోయింది. రెండోది మనుషులను పట్టుకుని ఆగిపోయింది. ఇంగ్లీషు మాటకు నడక మరిచిపోవడం వల్ల నష్టం రాలేదు. మన మాట వ్యాపారాన్ని మరిచిపోవడం వల్ల మన పిల్లలు 'మనకు రాదు' అని నమ్ముతున్నారు. చేతకాక పోయింది కాదది, చేతిలోంచి తీసుకున్నది.

ఈ చరిత్ర తెలిస్తే రేపు పొద్దున్నే మన తాండాల్లో దుకాణాలు లేస్తాయని నేను అనను. పెట్టుబడి కావాలి, ఉద్దెర ఇచ్చేవాళ్లు కావాలి, రోడ్డు కావాలి. లదేణి రోజులన్నీ బంగారు రోజులు అని కూడా అనను. సైన్యాల వెంట పోవడమంటే యుద్ధాలకు అన్నం పెట్టడమే. కరువులో ప్రియంగా అమ్మడమంటే ఆకలి మీద లాభమే. అది కూడా పిల్లలకు చెప్పాలి. అయితే కాంటా ముందు నిలబడ్డ మనిషి 'అది వాళ్ల పని' అనుకోవడానికి, 'ఎంత తీశావు, లెక్క చూపు' అనడానికి మధ్య చాలా దూరముంది. ఆ దూరం దాటడానికి పెట్టుబడి అక్కరలేదు. మన తాతలు ఈ లెక్కలు వేశారని తెలిస్తే చాలు.

వారం తరువాత అదే క్లాసులో మళ్లీ ఆ మాట బోర్డు మీద రాశాను. ఈసారి మూడు అర్థాలు వరుసగా రాశాను. బాట, పని, అమ్మకం. ఐటీఐ చదివే అన్న రెండో దాంట్లో ఉన్నాడని, దుబాయి పోయిన బాపు కూడా అక్కడే ఉన్నాడని పిల్లలే చెప్పారు. అప్పుడు, "మన తాండా ఎక్కడ?" అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 'మనోళ్లకు రాదు' అన్న పిల్లవాడే లేచి, "మూడింట్ల ఉండె సార్" అన్నాడు. తరువాత కూర్చుని, మళ్లీ లేచి, "ఉప్పు ఏడ దించేటోళ్లు సార్ మనవైపు?" అని అడిగాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో అడిగి రమ్మన్నాను. తాండాల్లో పనిచేసే టీచర్లకు నా మనవి కూడా అదే. మీ బడి పిల్లలతో మీ తాండా పెద్దమనుషులను అడిగించండి. ఎద్దులు ఎక్కడ ఆగేవి, ఏ కుంటలో నీళ్లు తాగేవి, ఏ ఊరికి ఏం తెచ్చేవాళ్లు, గోనెలు ఎవరు నేసేవాళ్లు. దాదీలు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వాళ్లు చెప్పిన ఊరి పేర్లు ఒక కాగితం మీద రాసి, వాటిని గీతతో కలిపితే మన బాట మళ్లీ కనపడుతుంది.